గుడారమునకు మెరక చోటు



మన ప్రాంతములో గుడారము అనగానే సభల పందిరి మనసునకు వచ్చును. అమెరికాలోనున్న మన బిడ్డలు ఫోనులో "క్యాంపింగునకు వెళ్లుచున్నాము" అని చెప్పినప్పుడు వారు చెప్పునది వేరు సంగతి. సెలవులు కలిసి వచ్చినప్పుడు కుటుంబమంతయు ఊరి బయట చెట్ల మధ్యకు వెళ్లి, చిన్న గుడ్డ గుడారములో గాని, చక్రముల మీద నడచు ఇంటివంటి బండిలో గాని రెండు మూడు రాత్రులు గడిపి వచ్చుటయే క్యాంపింగు. "పక్కా ఇల్లు పెట్టుకొని నేల మీద పడుకొనుట ఏమి ముచ్చట?" అని మన పెద్దలు నవ్వుదురు. అయినను ఆరు నెలల అనుమతి మీద బిడ్డల యొద్దకు వెళ్లిన తల్లిదండ్రులు, మనుమలతో కూడ ఆ గుడారములలోనికి వెళ్లుచునే యున్నారు. కాబట్టి ఈ నెల ఈ శీర్షికలో ఆ విడిది చోట్లను ఎట్లు ఎన్నుకొనవలెనో మాటలాడుకొందము.

ఇందుకు ఒక ఊరిని తీసికొందము. అమెరికా మధ్యభాగములో మిస్సోరి రాష్ట్రపు తూర్పు అంచున మిసిసిపీ నది ఒడ్డున సెయింట్ లూయిస్ నగరమున్నది. చుట్టుపట్ల పట్టణములన్నియు కలిపి సుమారు 28 లక్షల జనాభా. దాని శివారులలో మన తెలుగు కుటుంబములు చాల ఉన్నవి. అయితే మేము ఈ ఊరిని తీసికొనుటకు అసలు కారణము దాని నదులు. ఉత్తరమున గ్రాఫ్టన్ దగ్గర ఇలినాయ్ నది మిసిసిపీలో కలియును. నగరమునకు కొంచెము పైన మిస్సోరి నది వచ్చి కలియును. నగరము దాటిన తరువాత దక్షిణమున మెరమెక్ నది కలియును. ఇన్ని నీళ్లు ఒక చోట చేరు ఊరిలో గుడారము వేయువాడు ముందుగా ఏమి చూడవలెనో గోదావరి, కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

చక్రముల ఇల్లు

మొదట రెండు మాటలు విడిది విధములను గూర్చి. గుడారమంటే అందరికిని తెలియును. రెండవది ఆర్.వి. అందులో మంచములు, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, మరుగుదొడ్డి ఉండును. కొన్ని తామే బస్సువలె నడచును, కొన్నిటిని పెద్ద బండి వెనుక తగిలించి లాగుకొని పోవుదురు. అద్దెకును దొరకును.

క్యాంపుగ్రౌండు అనగా ఈ రెండింటికి స్థలములు గీచి, అంకెలు వేసి అద్దెకిచ్చు చోటు. ఒక్కొక్క స్థలములో ఒక బల్ల, నిప్పు వేసికొనుటకు ఇనుప చట్రము ఉండుట వాడుక. సాదా స్థలములలో అంతకు మించి ఏమియు ఉండదు. కరెంటు స్థలములలో బండికి తగిలించుకొను పెట్టె ఉండును. పూర్తి సదుపాయపు స్థలములలో కరెంటుతో పాటు నీటి గొట్టము, మురుగు గొట్టము కూడ ఉండును. మురుగు గొట్టము లేని చోట బండి అడుగున నున్న తొట్టిలో మురుగు నిలువ ఉండును. తిరిగి పోవునప్పుడు దానిని అందుకై కట్టిన గుంట దగ్గర ఖాళీ చేసికొనవలెను. ఆ పని ఎవరు చేయుదురో ముందే ఇంటిలో తేల్చుకొనుట మంచిది!

కరెంటును గూర్చి ఒక లెక్క. అక్కడి కరెంటు 120 వోల్టులు, మన ఇండ్లలోవలె 230 కాదు. 30 ఆంపియరుల పెట్టె అనగా మొత్తము 3,600 వాట్లు. ఏ.సి. నడచుచుండగా నీళ్లు కాచు యంత్రమును, అన్నము వండు కుక్కరును ఒకేసారి వేసిన యెడల మీట పడిపోవును. 50 ఆంపియరుల పెట్టెలో రెండు తీగలు వచ్చును గనుక 12,000 వాట్ల వరకు తీసికొనవచ్చును. పెద్ద బండి తీసికొనువారు స్థలము పొడవు ఎంత, బండిని వెనుకకు నడిపి పెట్టవలెనా లేక ఇటు వచ్చి అటు పోవచ్చునా అని కూడ అడుగవలెను. బండిని వెనుకకు నడుపుట అలవాటు లేనివారికి ఇది చిన్న సంగతి కాదు.

మొదటి ప్రశ్న: నీరు ఎటు వచ్చును?

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. బొమ్మలలో చూచినప్పుడు నది ఒడ్డు స్థలమే అందరికి నచ్చును. బల్ల మీద కూర్చుండి నీటిని చూడవచ్చును, పిల్లలు చేపలు పట్టవచ్చును. అందుచేత అవే ముందుగా అమ్ముడుపోవును. మన రైతు గడ్డివామి వేయునప్పుడు నీటి అందము చూడడు, మెరక చూచును. గడ్డికి చూపు జాగ్రత్తను బిడ్డలకు చూపవలదా?

భద్రాచలములో నీటిమట్టము 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని మనకు తెలియును. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చెను. 2022 జులైలో 71 అడుగులు దాటెను. సెయింట్ లూయిస్‌లోను ఇట్టి కొలబద్దయే ఉన్నది. అక్కడ 30 అడుగులు దాటినచో వరద అని లెక్క. 1993 ఆగస్టు 1న ఆ కొలబద్ద మీద 49.58 అడుగులు వచ్చెను. నగరపు వరద గోడను 52 అడుగుల వరకు ఆగునట్లు కట్టిరి; అనగా రెండున్నర అడుగులలోపే తప్పినది. అందుకు రెండు దినముల ముందు, జులై 30 రాత్రి, పడమట చెస్టర్‌ఫీల్డు లోయలో మిస్సోరి నది కరకట్ట తెగి ఆ లోయ అంతయు నీట మునిగెను. ఈ దినమున అదే లోయలో పెద్ద పెద్ద అంగళ్లున్నవి. కట్టను తరువాత గట్టిగా కట్టిరి. అయినను కట్ట వెనుకనున్న పల్లము పల్లమే గాని మెరక కాదని మన లంక గ్రామములవారు ఎరుగుదురు.

పెద్ద నది వరదలో ఒక మేలున్నది: అది మెల్లగా వచ్చును. ఎన్ని అడుగులు ఏ దినమునకు వచ్చునో అక్కడి వాతావరణ శాఖ ముందుగానే చెప్పును. కాని కొండలలోనుండి వచ్చు చిన్న నదుల సంగతి అట్లు కాదు. నగరమునకు నైరుతి దిక్కున మెరమెక్ నది లోయలో విడిది చోట్లు చాల ఉన్నవి, చోటు బహు అందమైనది. 2015 డిసెంబరు చివరి దినములలో ఆ నది పొంగి ఎన్నో ఊళ్లను ముంచెను. పదునేడు నెలలైనను నిండకముందే, 2017 మే మొదటి వారములో మరల పొంగెను. ఆ రెండుసార్లును 44వ నంబరు జాతీయ రహదారిని సైతము మూసివేయవలసి వచ్చెను. ఆలోచించండి, పెద్ద రహదారియే మునిగిన చోట గుడారమేమి నిలుచును?

ఆ కొండనదులలో పడవ నడుపుచు పోవువారు రాత్రికి నది మధ్య గులకరాళ్ల మేటల మీద గుడారము వేసికొనుట కలదు. మీ తల మీద చుక్క వాన లేకున్నను, ఎగువన కురిసిన వాన రాత్రివేళ దిగి వచ్చును. మన వాగులు చేయు పనియే ఇది. 2010 జూన్ 11 తెల్లవారుజామున ఆర్కన్సా రాష్ట్రములో ఆల్బర్ట్ పైక్ అను విడిది చోట కొండనది ఒక్కసారిగా పొంగి, నిద్రించుచున్న కుటుంబములలో 20 మంది చనిపోయిరి. 2025 జులై 4 తెల్లవారుజామున టెక్సస్ రాష్ట్రములో గ్వాడలూప్ నది ముప్పావు గంటలో సుమారు 26 అడుగులు పెరిగెను. నది ఒడ్డునున్న ఆర్.వి.ల విడిది కొట్టుకొనిపోయెను. ఒక క్రైస్తవ బాలికల శిబిరములో బాలికలును వారి నాయకురాండ్రును కలిసి 27 మంది మృతినొందిరి. ఆ తల్లిదండ్రులు తమ బిడ్డలను ఆట పాటలకే పంపిరి. ఈ రెండును సెయింట్ లూయిస్‌లో జరిగినవి కావు. అయితే కొండనది గుణము ఎక్కడనైనను ఒకటే.

నగరములోను వాన చెప్పి రాదు. 2022 జులై 26న సెయింట్ లూయిస్‌లో ఒక్క దినమున 8 అంగుళములకు మించి కురిసెను. 1915 నుండి నిలిచియున్న రికార్డు ఆ దినమున పోయెను. కాబట్టి స్థలము కుదుర్చుకొనుటకు ముందు పటము మీద నది ఎక్కడ, స్థలము ఎక్కడ, రెంటి మధ్య ఎత్తు ఎంత అని చూడవలెను. లోపలికి పోవు దారి ఒక చిన్న వాగు మీదుగా పోవుచున్నదేమో చూడవలెను. విడిది మెరక మీదనుండి, దారి పల్లములో నున్నచో మీరు దీవిలో చిక్కినట్లే. రోడ్డు మీద నీరు పారుచున్నప్పుడు కారును దింపరాదు. అక్కడ వరదలలో చనిపోవువారిలో అనేకులు కారులో ఉండియే చనిపోవుచున్నారు.

రెండవ ప్రశ్న: గాలి వచ్చిన ఎక్కడికి పోవలెను?

మన తీరమున తుపాను వచ్చునప్పుడు ఒకటి రెండు దినముల ముందు కబురు తెలియును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఆ కబురు అందక ఎందరు పోయిరో మన పెద్దలు మరువలేదు. అక్కడి టోర్నడో అను సుడిగాలికి దినములు కాదు, కొన్ని నిమిషములు మాత్రమే వ్యవధి. ఏప్రిల్, మే, జూన్ నెలలు దానికి ముఖ్య కాలము. 2011 ఏప్రిల్ 22, శుభ శుక్రవారము సాయంత్రము, సెయింట్ లూయిస్ విమానాశ్రయము మీదనే అది పడెను; ప్రాణనష్టము మాత్రము కలుగలేదు. 2025 మే 16న నగరము మధ్యనుండి పోయి వేల ఇండ్లను పాడుచేసెను, ప్రాణములు కూడ పోయెను. ఆ దినమున నగరపు సైరన్లు మ్రోగలేదు. కాబట్టి సైరనును నమ్ముకొని నిద్రపోరాదు. వాతావరణ కబుర్లు చెప్పు చిన్న రేడియో ఒకటి అక్కడ అంగళ్లలో దొరకును. బ్యాటరీతో నడచును, ప్రమాద వార్త వచ్చినప్పుడు తానే కూయును. కొండల మధ్య ఫోను సిగ్నలు అందని చోట అదియే దిక్కు.

"వాచ్" అని చెప్పినచో గాలి పుట్టుటకు అనుకూలముగా ఉన్నది, మెలకువగా ఉండమని అర్థము. "వార్నింగ్" అని చెప్పినచో గాలి కనబడినది, వెంటనే పొమ్మని అర్థము. హెచ్చరికలలో కౌంటీ పేరు చెప్పుదురు. ఇక్కడ ఒక చిక్కున్నది. సెయింట్ లూయిస్ నగరము వేరు, సెయింట్ లూయిస్ కౌంటీ వేరు. 1876 నుండి అవి విడిపోయినవి. మీరు దిగిన విడిది ఏ కౌంటీలో ఉన్నదో కాగితము మీద వ్రాసి బండిలో అంటించుకొనండి. పేరు తెలియనివానికి హెచ్చరిక వినబడినను విననట్లే.

గుడారమును ఆర్.వి.యును సుడిగాలికి ఆగవు. పక్కాగా కట్టిన స్నానపు గదుల భవనము గాని, గాలివానకు కట్టిన గది గాని ఎక్కడున్నదో దిగిన వెంటనే పిల్లలకు చూపించవలెను. పగలు ఒకసారి నడిచి చూచిన దారి రాత్రి కాలికి గుర్తుండును. తల మీద ఎండిన కొమ్మలున్న చెట్టు క్రింద గుడారము వేయరాదు.

ఏ దిక్కున ఏమున్నది?

నగరము మధ్యలో 630 అడుగుల ఎత్తుగల ఉక్కు తోరణమున్నది. 1965లో కట్టి ముగించిరి. దాని చుట్టునున్న స్థలము 2018 నుండి జాతీయ పార్కు, అయితే అందులో రాత్రి విడిది లేదు. పెద్ద బండి నిలుపుటకును అక్కడ కష్టమే. బండిని విడిదిలో ఉంచి, కారులోగాని, 1993లో ఆరంభమైన మెట్రోలింక్ రైలులోగాని వెళ్లుట సుఖము. ఫారెస్టు పార్కులోని జంతుశాలకును చిత్రశాలకును ప్రవేశ రుసుము లేదు. పిల్లలున్నవారు ఒక దినము దానికి ఉంచుకొనవచ్చును.

పడమట వైల్డ్‌వుడ్ దగ్గర బాబ్లర్ స్టేటు పార్కు ఉన్నది. నగరమునకు దగ్గరలో నుండియు ఎత్తైన గుట్టల మీద, ఓక్ చెట్ల నీడన ఉన్నది. గుడారములకును ఆర్.వి.లకును స్థలములు గలవు. మొదటిసారి వెళ్లు కుటుంబములకు ఇట్టి చోటు తగినది; పిల్లవానికి జ్వరము వచ్చినను గంటలోగా ఇల్లు చేరవచ్చును.

వాయువ్యమున ట్రాయ్ పట్టణము దగ్గర క్వీవర్ రివర్ స్టేటు పార్కు ఉన్నది. కొండలు, అడవి, ఒక చెరువు, జనసందడి తక్కువ. దానికంటె దగ్గరలో సెయింట్ పీటర్స్ అను పట్టణమువారు ఒక చెరువు ప్రక్కన ఆర్.వి.లకు, గుడారములకు తమ సొంత విడిది నడుపుచున్నారు. సదుపాయములు బాగుండును, అయితే అది నది పల్లపు భూమి గనుక వరద వార్తలు చూచుకొని వెళ్లవలెను.

ఉత్తరమున ఇలినాయ్ వైపు గ్రాఫ్టన్ దాటిన తరువాత పేర్ మార్కెట్ స్టేటు పార్కు ఉన్నది. సుమారు 8,000 ఎకరములు, ఆ రాష్ట్రపు పార్కులలో అతి పెద్దది. 1673లో ఆ దారిని పడవలో పోయిన ఫ్రెంచి మిషనరీ జాక్ మార్కెట్ పేరు దానికి పెట్టిరి. నది వెంబడి పోవు రోడ్డు, ప్రక్కన సున్నపురాతి గట్లు చూడదగినవి. చలికాలములో తెల్లతల గ్రద్దలు అక్కడికి వచ్చును. కొండ మీది బాటలు క్షేమమే గాని, పెద్ద వరద కాలములో గ్రాఫ్టన్ నది రోడ్డు మునుగును. అందుచేత రెండవ దారి ఏదో ముందే తెలిసికొనవలెను.

తూర్పున నది దాటిన వెంటనే, గ్రానైట్ సిటీ దగ్గర హార్స్‌షూ లేక్ స్టేటు పార్కు ఉన్నది. మిసిసిపీ ఒకప్పుడు పారి విడిచిన వంక అది, ఇప్పుడు చెరువు. సదుపాయములు తక్కువైన సాదా గుడారపు స్థలములు. దగ్గరలోనే కహోకియా మట్టిదిబ్బలున్నవి. సుమారు వేయి ఏండ్ల క్రిందట అక్కడి ఆదివాసులు తట్టలతో మట్టి మోసి కట్టినవి. పెద్ద దిబ్బ ఎత్తు నూరు అడుగులు. 1982లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. అక్కడ రాత్రి విడిది లేదు, పగలు చూచి రావలెను.

ఇంకను తూర్పునకు 50 మైళ్ల దూరములో కార్లైల్ చెరువు ఉన్నది. కాస్కాస్కియా నదికి 1967 నాటికి ఆనకట్ట కట్టగా ఏర్పడినది, సుమారు 26,000 ఎకరముల నీరు. ఆనకట్టను చూచు సైనిక ఇంజనీర్ల శాఖవారే అక్కడ విడిదులు నడుపుదురు. 62 ఏండ్లు దాటినవారికి ఇట్టి చోట్ల సగము ధర చీటి ఉన్నది. అయితే అది ఆ దేశ పౌరులకును శాశ్వత నివాసులకును మాత్రమే. చూచి పోవుటకు వెళ్లిన మన పెద్దలకు వర్తించదు. తెలియక అడిగి చిన్నబోవలసిన పని లేదు.

నైరుతిన 44వ రహదారి వెంట యురీకా ఊరి చుట్టు సొంతదారులు నడుపు విడిదులున్నవి. ఈతకొలను, అంగడి, పిల్లల ఆటస్థలము ఉండును, అద్దె కొంచెము ఎక్కువ. సిక్స్ ఫ్లాగ్స్ ఆటల వనము దగ్గరనుండుటచేత వేసవిలో రద్దీ. ఆ ప్రక్కనే రూట్ 66 స్టేటు పార్కు ఉన్నది. ఒకప్పుడు అక్కడ టైమ్స్ బీచ్ అను ఊరుండెను. దుమ్ము అణచుటకని వీధులలో చల్లించిన పాత నూనెలో డయాక్సిన్ అను విషము కలిసియుండెను. 1982 డిసెంబరులో విషపు సంగతియు, వరదయు ఒకేసారి ఆ ఊరి మీదికి వచ్చెను. ప్రభుత్వము ఇండ్లన్నిటిని కొని ఊరిని ఖాళీ చేయించెను. నేలను శుభ్రపరచి 1999లో పార్కుగా తెరచిరి. అక్కడను రాత్రి ఉండనియ్యరు. ఇంకను ముందుకు, సలివన్ దగ్గర, మెరమెక్ స్టేటు పార్కులో నలువదికి పైగా గుహలున్నవి. విడిది నదిని ఆనుకొని యున్నది. గనుక పైన చెప్పిన మెరమెక్ సంగతి మరువక, ఎత్తు స్థలము అడిగి తీసికొనవలెను.

పెద్దలు, పసిబిడ్డలు

మోకాళ్ల నొప్పులున్న తల్లికి నేల పడక తగదు. మడత మంచము తీసికొని పోవచ్చును. సాదా స్థలములలో కొన్ని చోట్ల నీళ్లు లేని గుంట మరుగుదొడ్లు ఉండును. నీళ్ల సీసా, చెంబు వెంట ఉంచుకొనండి. రాత్రి లేచువారున్న యెడల మరుగుదొడ్డికి దగ్గరగా, అయితే దాని ఎదుటనే కాకుండ, స్థలము కోరవలెను. ఇన్సులిన్ వాడువారు దానిని చల్లగా ఉంచు పెట్టె మరువరాదు. దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో ముందే వ్రాసికొనండి. 911కి ఫోను చేసినప్పుడు విడిది పేరు, స్థలము అంకె చెప్పగలిగియుండవలెను. ఇంగ్లీషు అంతగా రాని పెద్దలకు ఆ రెండు ముక్కలు కంఠస్థము చేయించండి.

ఋతువు విషయములో సెప్టెంబరు, అక్టోబరు నెలలు మేలైనవి. జులైలో అక్కడి ఉక్క మన కోస్తా ఉక్కకు తీసిపోదు. అప్పుడు ముసలివారితోను, పసివారితోను పోవువారు కరెంటు స్థలమే చూచుకొనవలెను. చలికాలములో గొట్టములు గడ్డకట్టునని చాల చోట్ల నీళ్లు ఆపివేయుదురు. మే నెల చివరి సోమవారము, జులై 4, సెప్టెంబరు మొదటి సోమవారము కలిసి వచ్చు సెలవులకు స్థలములు ఎన్నో వారముల ముందే నిండిపోవును.

మరికొన్ని జాగ్రత్తలు

కుంపటి గాని, బొగ్గుల పొయ్యి గాని, గ్యాసు పొయ్యి గాని గుడారము లోపల పెట్టరాదు. వాన పడినను, చలి వేసినను పెట్టరాదు. వాటినుండి వచ్చు విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

వంటచెరకు ఇంటి నుండి మోసికొని పోరాదు. ఆష్ చెట్లను చంపు ఒక పచ్చపురుగు 2008లో మిస్సోరిలో కనబడెను. కట్టెలలో దాగి ఊరూరు పాకును. విడిది దగ్గరనే కట్టెలు కొని అక్కడనే కాల్చవలెను.

పశువులకు పట్టు పిడుదులవంటివి అక్కడి గడ్డిలో చాల ఉన్నవి, మనుష్యులకును జబ్బులు తెచ్చును. సాయంకాలము పిల్లల చెవుల వెనుక, చంకలలో, మోకాళ్ల వెనుక వెదకి చూడవలెను. మూడేసి ఆకులుగల తీగను ముట్టనియ్యరాదు. అది తగిలిన చోట బొబ్బలెక్కును.

అన్నము, కూరలు రాత్రి కారులో పెట్టి తలుపు వేయండి. రాకూన్ అను చిన్న జంతువు మూతలు తీయుటలో మన కోతికి తమ్ముడు.

పటము మీద రైలు పట్టాలు కూడ చూడండి. పట్టాలు రోడ్డు దాటు ప్రతి చోట 15 నుండి 20 సెకండ్లు కూత వేయవలెనని అక్కడి చట్టము. యురీకా ప్రాంతమున గూడ్సు బండ్లు రాత్రియంతయు నడచును. ఇక రాత్రి పది దాటిన తరువాత సందడి చేయరాదని విడిదులన్నిటిలోను నియమము. పాటలు పాడుకొనువారు ముందే ముగించుకొనవలెను.

ఊరిలోనున్న తల్లిదండ్రులకు

ఇది చదువుచున్న మీలో అనేకులు ఆ దేశము చూడకపోవచ్చును. అయినను మీ మాటకు అక్కడ విలువ ఉన్నది. బిడ్డలు చదువుకొన్నవారే, మనకంటె లోకము తెలిసినవారే. అయితే అపార్టుమెంటులలో పెరిగిన పిల్లలకు వాగు ఎట్లు వచ్చునో మీకు తెలిసినంతగా తెలియదు. మేఘము ఏ దిక్కున కమ్మినదో చూచి కళ్లములో ధాన్యము కప్పుకొనినవారు మీరు.

ఈసారి మీ అబ్బాయి గాని అమ్మాయి గాని ఫోనులో "క్యాంపింగునకు పోవుచున్నాము" అని చెప్పినప్పుడు, "జాగ్రత్త నాయనా" అని ఊరకుండక మూడు ప్రశ్నలు అడుగండి. ఆ చోటు మెరకా, పల్లమా? రాత్రి గాలి లేచినచో పిల్లలను ఎత్తుకొని ఏ గోడల మధ్యకు పోవుదువు? వెళ్లిన దారి మునిగినచో రెండవ దారి ఏది? మూడింటికి జవాబు వచ్చినదా, సంతోషముగా వెళ్లి రమ్మనండి. ఒక్కదానికి రాకున్నను, స్థలము మార్చుకొమ్మని చెప్పండి. అద్దె సొమ్ము పోయినను మరల వచ్చును.